రూపాయికి దిష్టి చుక్క

అశోక్ చౌక్‌లో నన్ను కంప్యూటర్ అంబాదాస్ అంటారు. ఆ పేరు నేను పెట్టుకున్నది కాదు, జనం పెట్టింది. జనం పెట్టేలా చూసుకున్నది మాత్రం నేనే. కొట్టుకు బోర్డు రాయించినప్పుడు నా పేరుకు ముందు ఆ మాట కూడా చేర్చమని పెయింటరుకు చెప్పి, అందుకు అతనికి రెండుసార్లు చాయ్ తాగించాను. మా తాత మగ్గం నేశాడు, మా నాన్న మగ్గం నేశాడు, మా వంశంలో కుర్చీలో కూర్చుని పని చేసిన మొదటివాణ్ని నేనని ఒకనాడు మా ఆవిడతో గొప్పగా అన్నాను. మగ్గం నేసేవాళ్ళు కూడా కూర్చునే నేస్తారు కదా అంది. ఆ పూట నేను ఆమెతో మాట్లాడలేదు.

లగ్గం పత్రికలు, తువ్వాళ్ళ కంపెనీల రేటు కార్డులు, హోటళ్ళ ధరల బోర్డులు, బారసాల బ్యానర్లు అన్నీ నా దగ్గరే టైపవుతాయి. మరాఠీ, తెలుగు, ఇంగ్లీషు మూడూ కొడతాను. మూడింటిలోనూ తప్పులు సమానంగా చేస్తాను కాబట్టి పక్షపాతం ఉందని ఇంతవరకు ఎవరూ అనలేదు.

రూపాయికి కొత్త గుర్తు వచ్చిన రోజుల్లో సోలాపూర్‌లో అందరికంటే ముందు దాన్ని కంప్యూటర్ మీద కొట్టినవాణ్ని నేనే. కనీసం అశోక్ చౌక్‌లో నేనే. అప్పట్లో ఇంటర్నెట్‌లో ఒక ఫాంటు ఉచితంగా దొరికింది. కీబోర్డు మీద ఒకటి అంకెకు ఎడమ పక్కన ఒక మీట ఉంటుంది. దాని మీద చిన్న వాలు గీత అచ్చయి ఉంటుంది. ఆ గీత దేనికో ఎవరికీ తెలియదు, ఆ మీటను ఎవరూ కొట్టరు. ఈ ఫాంటు వేసుకుని ఆ మీట కొడితే తెరమీద రూపాయి గుర్తు వచ్చి కూర్చునేది. నేను ఆ మీట కొట్టి చూపిస్తుంటే కొట్టు ముందు జనం ఆగి చూసేవారు. ఏదో నేనే టంకశాలలో అచ్చేస్తున్నట్టు గంభీరంగా ముఖం పెట్టేవాణ్ని.

ఆ తర్వాత లోకం మారింది. కొత్త కీబోర్డుల మీద నాలుగు అంకె దగ్గరే రూపాయి గుర్తు అచ్చయి రావడం మొదలైంది. అది చూసి, అలంకారం కోసం వేశారు కాబోలు అనుకున్నాను. కొత్త కంప్యూటర్లు కొనమని ఎవరైనా అంటే, పాత మిషన్ గట్టిదనం వాటికి రాదని చెప్పేవాణ్ని. నా మిషన్ ఎంత గట్టిదంటే, దానికి కొత్త సంగతి ఒక్కటి కూడా ఎక్కదు. ఆ విషయంలో మా ఇద్దరికీ బాగా కుదిరింది.

ఇక పెంటయ్య మామ సంగతి చెప్పాలి. మా అమ్మకు తమ్ముడు. అశోక్ చౌక్ వెనక గల్లీలో, ముందు గదిలో చేతిమగ్గం పెట్టుకుని గోడకు వేలాడదీసే బొమ్మల బట్టలు నేస్తాడు. చుట్టుపక్కల అందరూ కరెంటు మగ్గాలకు పోయి చద్దర్లు, తువ్వాళ్ళు నేస్తుంటే, ఆయన ఒక్కడే పాత జకార్డ్ మగ్గం తొక్కుతూ కూర్చున్నాడు. చిన్నప్పుడు నన్ను కూడా ఆ మగ్గం మీద కూర్చోబెట్టి చూశాడు. దాని మీద నేను నేర్చుకున్నది ఒక్కటే, నాకు నేత రాదని. దారాలు తెంపి తెంపి పెడితే ఆయన ఒక్క మాట అనకుండా అన్నీ ముడేసుకున్నాడు. ఆయనంటే నాకు ప్రాణం.

ఆ మగ్గానికే ఇప్పుడు ముప్పు వచ్చింది. మామ కొడుకు ఋషికేశ్ తువ్వాళ్ళు ప్యాక్ చేసి ఆన్‌లైన్ వ్యాపారానికి పంపుతాడు. సరుకు పెట్టుకోవడానికి చోటు లేక వానకు బయట తడుస్తోంది. మగ్గం గది ఖాళీ చేస్తే అక్కడ పెట్టుకుంటానన్నాడు. అతనిది తప్పని నేను అనలేను, ఇల్లు నడిచేది అతని సంపాదన మీదే. ఏడాదిగా మగ్గానికి ఒక్క ఆర్డర్ రాలేదు. మామ భార్య రాజమ్మ అత్త బీడీలు చుడుతూనే ఇద్దరి మధ్యా ఒక మాట కుదిర్చింది. దీపావళిలోగా మంచి ఆర్డర్ వచ్చి పాసైతే మగ్గం ఉంటుంది, లేకపోతే విప్పేయాలి. మామ తలొంచుకుని సరే అన్నాడు.

సరిగ్గా అప్పుడే అశ్విని మేడమ్ నా కొట్టు మెట్లెక్కింది. పుణెలో ఒక బ్యాంకువాళ్ళు తమ ఉద్యోగులకు శిక్షణ ఇచ్చే కొత్త భవనం కడుతున్నారు, ఆ పని చూసుకునే అధికారి ఆమె. దాని పెద్ద హాలుకు చేతిమగ్గం మీద నేసిన బట్ట ఒకటి కావాలి. పసుపుపచ్చ నేల, చుట్టూ సోలాపూర్ చద్దర్ల మీద ఉండే పూల అంచు, మధ్యలో మనిషెత్తు రూపాయి గుర్తు, అది మెరూన్ రంగులో. అది నచ్చితే మిగతా గదులకు కూడా నేయిస్తామంది. నేసే మనిషి ఎవరైనా తెలుసా అని అడిగింది. తెలియకపోవడమా అన్నాను.

ఆమెను మామ దగ్గరికి తీసుకెళ్ళి కూర్చోబెట్టి మాట్లాడిస్తే సరిపోయేది. అలా చేస్తే నేను కంప్యూటర్ అంబాదాస్‌ని ఎలా అవుతాను? డిజైన్ అంతా నేనే చూసుకుంటానని ఆమెకు మాటిచ్చాను. మామ దగ్గరికి వెళ్ళి, పెద్ద బ్యాంకు పని వచ్చింది, రంగులు ఇవి, గ్రాఫ్ వస్తుంది, గ్రాఫ్ ఎట్లుంటే అట్లా నెయ్యి, ఏం బొమ్మ అని అడగకు, పూర్తయ్యాక నువ్వే చూస్తావు అన్నాను. ఆయనను ఆశ్చర్యపరుద్దామని నా ఆలోచన. ఆశ్చర్యపోవడం నా వంతు అవుతుందని అప్పుడు తెలియదు.

నా మిషన్ ముందు కూర్చుని ఆ మీట ఒక్కసారి కొట్టాను. రూపాయి గుర్తు పడింది. దాన్ని తెర నిండా పెద్దది చేశాను, అంచు గీశాను, పెన్‌డ్రైవ్‌లో వేసి రాకేశ్‌కు పంపాను. రాకేశ్ నా దగ్గరే కంప్యూటర్ నేర్చుకుని, ఇప్పుడు పక్క వీధిలో డిజైన్లను గళ్ళకెక్కించి జకార్డ్ గ్రాఫ్‌లు తీసి అట్టలకు చిల్లులు కొట్టిస్తున్నాడు. మగ్గం మీద ఏ దారం లేవాలో ఆ అట్టల చిల్లులే చెప్తాయి. డిజైన్ బయటికి పంపేముందు అక్షరాన్ని అక్షరంగా ఉంచకుండా బొమ్మ గీతగా మార్చి పంపాలని నా శిష్యులందరికీ నూరిపోస్తాను. ఆ రోజు నేను మార్చలేదు. ఉన్నది ఒక్క అక్షరం, దానికి అంత తంతు ఎందుకనుకున్నాను.

మామ నేత మొదలుపెట్టాడు. గల్లీలోకి వెళ్తే చాలు, మళ్ళీ ఆ మగ్గం చప్పుడు వినిపించేది. నేసిన కొద్దీ బట్ట కింద దోనె కర్రకు చుట్టుకుపోతుంది కాబట్టి బొమ్మ మొత్తం ఎవరికీ కనిపించదు. నేను మధ్యమధ్య వెళ్ళి అత్త చేతి చాయ్ తాగి, అంతా బాగా జరుగుతోందని తల ఊపి వచ్చేవాణ్ని. ఒకసారి మామ ఏదో అడగబోయి నన్ను చూసి ఊరుకున్నాడు. అడగవద్దన్నది నేనే కదా.

బట్ట కోసే రోజు నన్ను పిలిచారు. కొబ్బరికాయ పట్టుకుని, ఫోన్‌లో ఫోటో తీద్దామని వెళ్ళాను. మరునాడు పొద్దున్నే మేడమ్ వస్తానంది. మామ, ఋషికేశ్ చెరో చివర పట్టుకుని బట్టను గది నిండా పరిచారు. పసుపుపచ్చ నేల కళకళలాడుతోంది. అంచులో పూలు కోసుకోవచ్చు అన్నట్టున్నాయి. మధ్యలో రూపాయి లేదు. ఎడమ నుంచి కుడికి వాలిన ఒక లావు గీత ఉంది, మనిషెత్తున, కాటుకలా నల్లగా.

ఎత్తిన ఫోన్‌ను అలాగే పట్టుకుని నిలబడ్డాను. మామ నా ముఖం చూసి, మెచ్చుకోలు ఎక్కువై ఫోటో తీయడం మరిచిపోయాననుకున్నాడు.

"ఇంత పెద్ద దిష్టి చుక్క నా జన్మల నెయ్యలేదు అల్లుడా," అన్నాడు. "నువ్వు మెరూన్ చెప్పినవ్ గని, దిష్టి చుక్క ఎర్రగ ఉంటదా? నేనే నల్ల దారం ఎక్కిచ్చిన. బ్యాంకోల్లకు మస్తు పైసలుంటయి, గింత పెద్దది ఉండాల్సిందే."

కొబ్బరికాయ ఎక్కడ పెట్టానో కూడా తెలియలేదు. దిష్టి చుక్క ఏమిటి మామా అని గొణిగాను. అత్త బీడీ చేట పక్కన పెట్టి, నేనేదో ఎరగనట్టు నటిస్తున్నానని నవ్వింది. ఇన్నేళ్ళుగా నేను బోర్డుల మీద ప్రతి ధర ముందూ పెడుతున్న చుక్కే కదా అంది. పసిపిల్ల బుగ్గ మీద కాటుక చుక్క పెట్టినట్టు, పైసల మీద ఎవరి కన్నూ పడకుండా మా అంబాదాస్ చుక్క పెడతాడని గల్లీలో అందరికీ తెలుసట. మరి నన్ను ఎవరూ అడగలేదేమంటే, దిష్టి చుక్క గురించి ఎవరైనా అడుగుతారా, అడిగితే దాని బలం పోదా అంది.

చౌక్‌కు పరుగెత్తాను. తల పైకెత్తి చూశాను. ఇడ్లీ హోటల్ బోర్డు మీద ప్రతి ధర ముందూ చిన్న వాలు గీత. చద్దర్ల షాపు బ్యానర్ మీద గీత. జిరాక్స్ షాపు మీద గీత. సైకిల్ పంక్చర్లు వేసేవాడు రేకు మీద సొంతంగా సున్నంతో రాసుకున్న ధరల ముందు కూడా, నా బోర్డులు చూసి, జాగ్రత్తగా గీత పెట్టుకున్నాడు. నేను ఇవన్నీ ఇన్నేళ్ళూ చూడలేదా అంటే చూశాను. బ్యానర్లు అచ్చువేసే ఫ్లెక్స్ షాపువాడు ఇంకు మిగుల్చుకోవడానికి రూపాయిని సగం తినేస్తున్నాడనుకుని అతన్ని రెండు మూడుసార్లు గట్టిగా తిట్టాను కూడా. అతను పాపం దిష్టి చుక్క మర్యాద కాపాడి నోరెత్తలేదు.

అక్కణ్నుంచి రాకేశ్ దగ్గరికి వెళ్ళాను. ఫైలు తెరిచినప్పుడు ఈ ఫాంటు నా దగ్గర లేదు, వేరేది పెట్టమంటావా అని కంప్యూటర్ అడిగిందట. అతను ఓకే కొట్టాడట. కంప్యూటర్ ఏమడిగినా ఓకే కొట్టమని అతనికి నేర్పింది నేనే. తెరమీద వాలు గీత వస్తే, మాస్టరుగారి దిష్టి చుక్క అనుకుని కళ్ళకద్దుకుని గ్రాఫ్ తీశాడు.

అప్పటికి నాకు సంగతి బోధపడింది. మేముండేది బీడీ కార్మికులకు కట్టించిన విడీ ఘర్కుల్‌లో, మా అమ్మ బీడీలు చుట్టి సంపాదించిన ఇంట్లో. అక్కడ ఇళ్ళన్నీ ఒక్క తీరుగా ఉంటాయి, నంబరు చూసుకోకపోతే ఎవరింట్లో ఎవరు దూరతారో తెలియదు. కంప్యూటర్‌లో అక్షరాలూ అంతే. ఒక్కోదానికి ఒక్కో నంబరు, ఏ మిషన్ అయినా నంబరు చూసే అక్షరాన్ని గుర్తుపడుతుంది. ఆ పాత ఫాంటు చేసిన పని ఏమిటంటే, వాలు గీత ఉండే ఇంటికి రూపాయి బోర్డు తగిలించింది. నా మిషన్‌లో ఆ బోర్డు కనిపిస్తుంది, నేను రూపాయి అనుకుంటాను. బయటి మిషన్ నంబరు చూసి తలుపు తడుతుంది, లోపలి నుంచి వాలు గీత బయటికొస్తుంది. రూపాయికి సొంత నంబరు, సొంత ఇల్లు వచ్చి ఏళ్ళయింది. లోకమంతా గృహప్రవేశానికి వెళ్ళివచ్చింది. నేను ఒక్కణ్నే పాత చిరునామాకు ఉత్తరాలు వేస్తూ కూర్చున్నాను. అన్నీ తెలిసినవాడు అమావాస్యనాడు చచ్చాడని ఊరికే అనలేదు.

మామకు చెప్పాలి. తిరిగి వెళ్ళేసరికి ఆయన బట్టకు అంచులు కత్తిరిస్తూ ఏదో పాట కూనిరాగం తీస్తున్నాడు. ఆయన పాడగా విని ఏడాది దాటింది. చెప్పలేకపోయాను. ఇంటికి వచ్చి, రేపు మేడమ్‌ను ఎలా బోల్తా కొట్టించాలా అని ఆలోచించాను. ఇది నవీన చిత్రకళ మేడమ్, రూపాయి జారిపోతూ ఉండటం ఇందులో భావం అని అద్దం ముందు నిలబడి మరాఠీలో రెండుమూడు రకాలుగా అని చూసుకున్నాను. మా ఆవిడ వంటింట్లోంచి తొంగిచూసి, అద్దానికే నమ్మబుద్ధి కావడం లేదు అంది.

మరునాడు పొద్దున్నే మేడమ్ వచ్చింది. మామ ఉతికిన ధోవతి కట్టుకుని, బట్టను గోడకు వేలాడదీసి పక్కన నిలబడ్డాడు. ఆమె చాలాసేపు చూసింది. అంచు దగ్గరికి వచ్చి పూలను వేలితో తడిమింది, నేత ఎంత బాగుందో అంది. తర్వాత, రూపాయి ఎక్కడ అని మరాఠీలో అడిగింది.

నేను నవీన చిత్రకళ మొదలుపెట్టాను. మొదటి వాక్యం సగంలో ఉండగానే ఋషికేశ్ ముందుకొచ్చాడు. పొరపాటు జరిగింది మేడమ్, మా నాన్నకు చూపు మందగించింది, గ్రాఫ్ సరిగా చూసుకున్నట్టు లేదు, ఈ వయసులో ఈ పని వద్దని నేను ఎప్పటినుంచో చెప్తున్నాను, ఏమనుకోకండి అన్నాడు. అతను దురుద్దేశంతో అనలేదు. తండ్రి తరఫున క్షమాపణ చెప్తున్నాననే అనుకున్నాడు. మేడమ్ మామ వైపు జాలిగా చూసింది.

మామ భుజం మీది తువ్వాలతో కళ్ళు తుడుచుకుని బట్టకు దగ్గరగా వెళ్ళాడు. జానెడు దూరంలో ముఖం పెట్టి, ఒక్కో వరుసా వేలితో తడుముతూ, తాను ఎక్కడ తప్పు చూశాడా అని వెతకడం మొదలుపెట్టాడు. మళ్ళీ కళ్ళు తుడుచుకున్నాడు. మళ్ళీ వెతికాడు. తన కళ్ళు పోయాయని ఆయన నమ్ముతున్నాడని నాకు అర్థమైంది. ఇంకొక్క నిమిషం నేను నోరు మూసుకుంటే ఆయన మగ్గం మీంచి తనంతట తానే దిగిపోతాడు, ఎవరూ విప్పక్కర్లేదు.

"తప్పు మామది కాదు, నాది," అన్నాను. ముందు మరాఠీలో మేడమ్‌కు చెప్పాను, తర్వాత తెలుగులో మామకు చెప్పాను. "గ్రాఫ్ ఎట్ల వచ్చిందో మామ అట్లనే నేసిండు. రూపాయి కొట్టుడు నాకే రాలేదు."

నవీన చిత్రకళ అక్కడితో ముగిసింది. పాత ఫాంటు, వాలు గీత, పెన్‌డ్రైవ్, రాకేశ్ కొట్టిన ఓకే, అన్నీ వరసగా చెప్పేశాను. మేడమ్ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. సంచిలోంచి లాప్‌టాప్ తీసి గడప మీద పెట్టి, మీరు కొట్టే మీట ఏది చూపించండి అంది. ఒకటి అంకెకు ఎడమ పక్క మీట కొట్టాను. తెరమీద చిన్న వాలు గీత పడింది. ఆమె పక్కన ఒక మీట నొక్కి పట్టుకుని నాలుగు అంకె కొట్టింది. రూపాయి పడింది. ఏ మిషన్‌లో చూసినా ఇది ఇలాగే కనిపిస్తుంది అంది. ఆ నాలుగు మీట మీద, నేను అలంకారం అనుకున్న గుర్తే అచ్చయి ఉంది. నా కొట్టులో కూడా అలాంటి కీబోర్డు ఒకటి ఉంది, దాని మీద నేను చాయ్ గ్లాసు పెడతాను.

మామ వంగి ఆ తెరను చూశాడు, గోడ మీది బట్టను చూశాడు, మళ్ళీ తెరను చూశాడు.

"అయితె గది దిష్టి చుక్క కాదా?" అన్నాడు.

"కాదు మామా."

"ఏందది మరి?"

"ఏం కాదు. ఉత్త గీత."

మళ్ళీ నా వైపు తిరిగాడు. నన్ను తిడతాడనుకున్నాను, తిట్టాలని కోరుకున్నాను.

"అంటె నా కండ్లు మంచిగనే ఉన్నయా?" అన్నాడు.

"బరాబర్ ఉన్నయి మామా."

ఆయన తల ఊపి, మగ్గం దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు. పడుగు ఇంకా ఎంత మిగిలిందో చేత్తో కొలిచి చూశాడు. ఇంకొకటి నేయడానికి సరిపోతుందని అత్తతో చెప్పాడు. అత్త నా వైపు చూడకుండానే ఆ మాట మరాఠీలో మేడమ్‌కు చేరవేసింది. నేను అక్కడ ఉన్నానన్న సంగతి ఎవరికీ అవసరం లేకపోయింది. మొదటిసారి అది నాకు న్యాయంగానే తోచింది.

భవనం ప్రారంభం దీపావళి తర్వాత ఉంది, ఆలోపు ఇస్తే తీసుకుంటాను, నల్ల గీతను మాత్రం మా హాల్లో పెట్టలేను అంది మేడమ్. వెళ్తూ వెళ్తూ, డిజైన్ ఫైలు ఈసారి తనకు ముందుగా పంపమంది. పంపేది నేను కాకుండా ఇంకెవరైనా ఉన్నారా అని కూడా అడిగింది.

ఋషికేశ్ ఆ సాయంత్రం బజారుకెళ్ళి కొత్త ట్యూబ్‌లైట్ తెచ్చి, మగ్గానికి నేరుగా పైన బిగించాడు. చూపు మందగించిందన్న మాట గురించి తండ్రికి ఏం చెప్పుకోవాలో తెలియక అలా చేశాడని నా ఊహ. లైటు వెలగగానే మామ పైకి చూసి, ఎక్కువ తెల్లగ ఉంది, అయినా పర్లేదు అన్నాడు.

నేను పాత ఫాంటును నా మిషన్ నుంచి తీసేశాను. తీసేయగానే నా పాత ఫైళ్ళన్నీ, ఇన్నేళ్ళ ధరల బోర్డులన్నీ, ఒక్కసారిగా వాలు గీతలై నా ముందు నిలబడ్డాయి. అప్పుడు చూశాను నేను చేసిన ఘనకార్యం మొత్తం. ఈసారి పాత మిషన్‌కు కొత్త సంగతి బలవంతంగా ఎక్కించి నాలుగు మీటతో రూపాయి కొట్టాను, దాన్ని బొమ్మ గీతగా మార్చాను, కాగితం మీద అచ్చుతీశాను, ముందు మేడమ్‌కు పంపాను, తర్వాత రాకేశ్ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుని గ్రాఫ్ తీయించాను. కంప్యూటర్ ఏదో అడిగితే అతను అలవాటుకొద్దీ ఓకే కొట్టబోయాడు. చెయ్యి పట్టుకుని ఆపి, ఏమడుగుతోందో ఇద్దరం కలిసి చదివాం. ప్రింటర్‌లో కాగితం అయిపోయిందట.

అచ్చుతీసిన కాగితం మామకు ఇచ్చాను. ఆయన దాన్ని మగ్గం స్తంభానికి అతికించుకున్నాడు. ఇదివరకైతే, నేను తెచ్చింది సరైనదేనా అని ఆయన చూసుకునేవాడు కాదు. ఇప్పుడు ప్రతి పొద్దూ నేత మొదలుపెట్టే ముందు ఆ కాగితాన్ని, మగ్గం మీది అట్టలను ఒకసారి చూసుకుంటున్నాడు. అది చూసినప్పుడల్లా నాకు కొంచెం మంటగానే ఉండేది, కానీ అనడానికి నోరేదీ?

దీపావళికి ముందే బట్ట దిగింది. పసుపు నేల మీద మెరూన్ రూపాయి, మనిషెత్తున, ఒక్క దారం వంకర లేకుండా. మేడమ్ వచ్చి చూసి, మామ చేతులు రెండూ పట్టుకుంది. మిగతా గదులకు కూడా పని ఇచ్చి వెళ్ళింది. మగ్గం ఉన్నచోటే ఉంది. ఋషికేశ్ వసారాకు రేకులు వేసి తన సరుకు అక్కడికి మార్చుకున్నాడు. ఇరుకైందని రోజూ సణుగుతాడు, సణుగుతూనే మగ్గానికి నూనె వేస్తాడు.

ఇక్కడితో నా బుద్ధి బాగుపడి ఉంటే కథ అయిపోయేది. చౌక్‌లో బోర్డులన్నీ సరిచేయాలని బయల్దేరాను, ఫ్లెక్స్ ఖర్చు నేనే పెట్టుకుంటానన్నాను. ముందు ఇడ్లీ హోటల్ బోర్డు మార్చాను, గీత తీసి చక్కటి రూపాయి పెట్టాను. వారం తిరక్కుండా హోటల్ యజమాని నా మీదికి వచ్చాడు. చుక్క తీసేసిన నాటినుంచి పిండి పులవడం లేదట, సాంబారు గిన్నె బోర్లాపడిందట, ఎదురుగా ఇంకో ఇడ్లీ బండి వచ్చిందట. చద్దర్ల షాపువాడు తన బోర్డు ముట్టుకోనివ్వలేదు. అది దిష్టి చుక్క కాదు, నా పొరపాటు అని అందరికీ విడమరిచి చెప్పాను. నా మాట నమ్మినవాడు ఒక్కడు లేడు. మంత్రం తెలిసినవాడు మంత్రం చెప్తాడా అని ఒకరితో ఒకరు అనుకున్నారు. ఇన్నేళ్ళూ నేనేం చెప్పినా నమ్మిన జనం, మొదటిసారి నిజం చెప్తే నమ్మలేదు.

చివరికి రాజీ కుదిరింది. ఇప్పుడు నేను ధర కొట్టేటప్పుడు ముందు ఒకటి అంకెకు ఎడమ పక్క మీట కొడతాను, తర్వాత నాలుగు మీద రూపాయి కొడతాను. గీత, దాని పక్కన రూపాయి. కంప్యూటర్ శాస్త్రంలో దీనికి అర్థం లేదు. అశోక్ చౌక్‌లో మాత్రం అందరూ చల్లగా ఉన్నారు, ఇడ్లీ పిండి కూడా పులుస్తోందట.

మొన్న మామ నా కొట్టుకు వచ్చాడు. ఆయన ఎప్పుడూ రాడు, కుర్చీలంటే ఆయనకు పడదు. చంకలో చుట్టిన బట్ట ఉంది. విప్పితే అది మొదటిది, నల్ల గీత ఉన్నది. ఋషికేశ్ దాన్ని కత్తిరించి సంచులు కుట్టిద్దామంటే మామ ఒప్పుకోలేదట. నా కుర్చీ ఎక్కి నిలబడి, కంప్యూటర్‌కు పైన గోడ కొలిచి చూసి, మేకులు, సుత్తి అడిగాడు. ఇక్కడెందుకు మామా అన్నాను.

"గింత తెలివి ఉన్నోనికి గింత పెద్దది ఉండాలె అల్లుడా," అన్నాడు. "లేకుంటె దిష్టి తగులతది."

నవ్వుతున్నాడో లేదో కింది నుంచి కనిపించలేదు. నేనే మేకులు ఒక్కొక్కటి అందించాను. ఒక్క మేకు కూడా వంకర పోలేదు. దిగాక రెండడుగులు వెనక్కి వేసి, చెయ్యి అడ్డం పెట్టుకుని, నా బుర్ర సరిగ్గా ఆ గీత కిందికి వచ్చిందో లేదో చూసుకుని వెళ్ళిపోయాడు.

అది అక్కడే ఉంది. వచ్చినవాళ్ళు టైపు పని సంగతి మరిచిపోయి దాన్నే చూస్తారు. ఏమిటది అని ఎవరైనా అడగబోతే, దిష్టి చుక్క గురించి అడగకూడదని చెప్తాను.